48 మంది పిల్లలకు నివాసం: ఒకే భవనమా, ఆరు ఇళ్లా?

చూరునీడ
తల్లిదండ్రుల సంరక్షణ లేని 48 మంది పిల్లలకు నివాసం డిజైన్ చేయాలి. వయసు 5 నుంచి 17. స్థలం దాదాపు 4,000 చ.మీ., ఒకవైపు రోడ్డు, మిగతా మూడువైపులా జనం ఉంటున్న ఇళ్లు. ఎండలు ఎక్కువ. ఏడాదికి 800 మి.మీ. వాన, అదీ నాలుగు నెలల్లోనే పడిపోతుంది. పైన రెండడుగుల నల్లరేగడి, దాని కింద గట్టి ఎర్రమట్టి. నిధులిచ్చేవాళ్లు అడుగుతున్నది రెండంతస్తుల భవనం: 12 మంచాల హాళ్లు నాలుగు, ఒకే వంటశాల, చుట్టూ ఎత్తైన ప్రహరీ. దొరికే వస్తువులతో, చుట్టుపక్కలవాళ్ల చేతులతో కట్టాలన్నదీ వాళ్ల షరతే. ప్లాన్ ఖాయం కాకముందే తెలిసినవాళ్ల మాట వినాలనుకుంటున్నాను. గోడలకు ఏది మేలు, నీళ్ల సంగతి ఎలా, అసలు ఈ అమరికే సరైనదా?

ఊయల
చివర అడిగిందే ముందు తేల్చుకోవాలండీ. 12 మంచాల హాలు వద్దు. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి: నివాసాలు చిన్నవిగా, వీలైనంత కుటుంబ వాతావరణానికి దగ్గరగా ఉండాలి, పెద్ద సంస్థలను క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. 1949లో ఆస్ట్రియాలోని ఇమ్స్ట్‌లో హెర్మన్ గ్మైనర్ మొదలుపెట్టిన ఎస్.ఒ.ఎస్. బాలల గ్రామాల పద్ధతి కూడా ఇదే. ఒక ఇల్లు, ఒక సంరక్షకురాలు, కొద్దిమంది పిల్లలు, ఆ ఇంటికి సొంత వంటిల్లు.

48 మందిని ఆరు ఇళ్లుగా విడగొట్టండి, ఇంటికి ఎనిమిది మంది. వయసువారీగా మాత్రం విడగొట్టకండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ కట్టిన అనాథాశ్రమం (1960) వాస్తుశిల్పంగా గొప్ప పనే. 125 మంది పిల్లలున్నా ఎక్కడా బ్యారక్‌లా అనిపించదు. కానీ అందులో పిల్లలను వయసును బట్టి ఎనిమిది జట్లు చేశారు. అక్క ఒక విభాగంలో, తమ్ముడు మరో విభాగంలో ఉండాల్సి వస్తే గోడలు ఎంత బాగున్నా ప్రయోజనం తక్కువ. తోబుట్టువులు ఒకే ఇంట్లో ఉండేలా గదుల్లో కొంత వెసులుబాటు ఉంచండి. ఇంటికి ఇద్దరేసి గదులు నాలుగు, వాటిలో రెండింటి మధ్య తీసి వేసుకునే పలక గోడ ఉంటే చాలు.

రసమట్టం
ఆరు ఇళ్లంటే ఖర్చు పెరుగుతుందని నిధులిచ్చేవాళ్లు అంటారు, దానికి లెక్క దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఇద్దరేసి గదులు నాలుగు, ఒక్కొక్కటి 10 చ.మీ. సంరక్షకురాలి గది 10, వంటిల్లూ కూర్చునే చోటూ కలిపి 30, మరుగుదొడ్లు స్నానాల గదులు 10, సామాన్ల గది 6. గోడలతో కలిపి 110 చ.మీ. దాటదు, దానికి అదనంగా 16 చ.మీ. వసారా. ఆరు ఇళ్లూ కలిపి 760 చ.మీ. లోపే. ఒకే అంతస్తు కాబట్టి మెట్లు, పెద్ద కాలమ్‌లు, పొడవాటి నడవాలు, పైఅంతస్తు రెయిలింగులు అన్నీ పోతాయి. రెండంతస్తుల భవనంలో నడవాలకూ మెట్లకూ పోయే జాగానే ఇక్కడ వసారాలవుతుంది.

ఇక పునాది. నల్లరేగడి మీద పునాది వేయకండి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, కిటికీ మూలల నుంచి ఏటవాలు బీటలు మొదలవుతాయి. రెండడుగులే కాబట్టి మొత్తం తీసేసి ఎర్రమట్టిలోకి కనీసం 300 మి.మీ. దిగి రాతి పునాది కట్టండి. బేస్‌మెంట్ నేల మీద 450 మి.మీ., మట్టి గోడలైతే 600. లోపల గ్రావెల్ నింపి 150 మి.మీ. పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. తవ్విన రేగడినే లోపల నింపేసి పైన గచ్చు వేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు, మొదటి వానాకాలానికే గచ్చు లేస్తుంది. ఇంటి చుట్టూ మీటరు వెడల్పు గచ్చు బయటికి వాటంగా ఉండాలి, చూరు నీళ్లు పునాది పక్కన ఇంకకూడదు.

మట్టిపిడికెడు
గోడలకు మీ ఎర్రమట్టినే వాడండి. తవ్వకంలో వచ్చేది చాలావరకు సరిపోతుంది. కొద్దిగా సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కి చేసిన (స్థిరీకృత) మట్టి దిమ్మెలకు ఉండాల్సిన కూర్పు ఉజ్జాయింపుగా కంకర 15 శాతం, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20. మీ మట్టి ఎలా ఉందో తెలుసుకోవడానికి గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి వదిలేయండి. ఇసుక నిమిషంలో కిందికి చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక ఒక రోజుకు. మూడు పొరల మందం స్కేలుతో కొలవండి. స్థలంలో కనీసం నాలుగుచోట్ల, పై రెండడుగుల కిందనుంచి తీసిన మట్టితో ఇది చేయాలి. బంక 25 దాటితే ఇసుక కలపండి, లేదా సిమెంటు బదులు సున్నంతో స్థిరపరచండి. బంక ఎక్కువున్న మట్టికి సున్నమే బాగా పనిచేస్తుంది.

240 × 240 × 90 మి.మీ. దిమ్మె దాదాపు 10 కిలోలు. 5 శాతం సిమెంటంటే 50 కిలోల బస్తాకు 100 దిమ్మెలు. ఒక ఇంటికి తలుపులూ కిటికీలూ పోను 190 చ.మీ. గోడ, చదరపు మీటరుకు 40 దిమ్మెలు, మొత్తం 7,600. అంటే దిమ్మెలకు 76 బస్తాలు. చేతి ప్రెస్సు మీద ఆరేడుగురి జట్టు రోజుకు 600 తీయగలదు.

చెడేది ఎక్కువగా తేమ దగ్గర. కలిపిన మట్టిని పిడికిట్లో గట్టిగా నొక్కి, ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు పెద్ద ముక్కలైతే సరి. పొడిపొడిగా రాలితే నీళ్లు తక్కువ. ముద్దలా అణిగిపోతే ఎక్కువ, అలాంటి దిమ్మె ప్రెస్సులోంచి తీస్తుంటేనే మూలలు లాగేస్తుంది. సిమెంటు కలిపిన మట్టిని అరగంటలో వాడేయాలి. మధ్యాహ్నం భోజనానికి ముందు కలిపి వెళ్లిపోతే ఆ గుట్ట మొత్తం బలహీనమే, తర్వాత ఎంత తడిపినా లాభం లేదు. తీసిన దిమ్మెలను రెండు రోజులు ప్లాస్టిక్ కప్పి ఉంచి, ఆ తర్వాత పేర్చి నాలుగు వారాలు తడపాలి. 28 రోజులయ్యాక ఒకదాన్ని నీళ్లలో 24 గంటలు ఉంచండి. బొటనవేలితో మూల గట్టిగా రుద్దినా రాలకూడదు. ప్రయోగశాలకు పంపితే తడి బలం 3.5 మెగాపాస్కల్స్ రావాలి.

రసమట్టం
మట్టిపిడికెడు గారి లెక్క బాగుంది. ఒక్కటి చేరుస్తాను. మట్టి పరీక్షలో తేలకపోతే, లేదా ఆరు ఇళ్లకు సరిపడా రాకపోతే, కాల్చిన ఇటుకతో ర్యాట్ ట్రాప్ బాండ్ కట్టండి. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో విస్తృతంగా వాడి చూపించిన పద్ధతే. ఇటుకను పక్కకు నిలబెట్టి కడితే తొమ్మిదంగుళాల గోడ మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు నాలుగోవంతు ఆదా, మాలు ఇంకా ఎక్కువ ఆదా, ఎండ వేడి లోపలికి దిగడం తగ్గుతుంది. కింది వరుస, కిటికీ గడప వరుస, పై వరుస మామూలుగా పడుకోబెట్టి కట్టాలి.

రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. ఒకటి, మాలు ఖాళీలోకి జారిపడి అడుగున గట్టిపడటం. ఖాళీకి సరిపడే చెక్క బద్దను అందులో ఉంచి వరుస వరుసకూ పైకి లాగుతూ పోతే ఆ బాధ లేదు. రెండు, కరెంటు పైపుల కోసం తర్వాత గోడ కోయడం. నిలబెట్టిన ఇటుక మందం మూడంగుళాలే, కోస్తే అవతలికి పోతుంది. స్విచ్చులు ఎక్కడో గోడ లేవకముందే గీసి పెట్టండి.

మట్టి దిమ్మెలైనా ఇటుకైనా భూకంపం సంగతి మరిచిపోవద్దు. బేస్‌మెంట్ మట్టంలో, తలుపుల పైన, పైకప్పు కింద మూడు కాంక్రీటు పట్టీలు. 75 మి.మీ. మందం, 10 మి.మీ. కడ్డీలు రెండు, 150 మి.మీ.కొక 6 మి.మీ. అడ్డకడ్డీ. మూలల్లో కడ్డీలు వంచి అవతలి గోడలోకి దిగాలి. మూల దగ్గర కడ్డీ కత్తిరించి ఆపేస్తే పట్టీ వేసినా వేయనట్టే. నాలుగు మూలల్లో, గోడలు కలిసేచోట్ల ఒక నిలువు కడ్డీ పునాది నుంచి పై పట్టీ దాకా పోవాలి.

ఊయల
గోడలు లేచేలోపు పిల్లల వైపునుంచి ఇల్లు ఎలా ఉండాలో చెప్తాను. ఇవి తర్వాత సరిదిద్దడం కష్టం.

భయంతో పెరిగిన పిల్లలకు దారి మూసుకుపోయిన నడవా ఊపిరాడనివ్వదు. కూర్చునే చోటుకు, వంటింటికి రెండేసి దారులుండాలి. పడకగది నుంచి మరుగుదొడ్డికి రాత్రి నడిచే దారి ఇంట్లోంచే పోవాలి, ఆరు మీటర్లు మించకూడదు, మోకాలి ఎత్తులో చిన్న దీపం వెలుగుతుండాలి. పక్క తడిపే పిల్లలుంటారు. కాబట్టి పరుపు గుడ్డలు ఉతికే చోటు, ఆరవేసే చోటు అందరి కళ్లముందూ కాకుండా ఇంటి పక్కవైపు పెట్టండి. ఆ ఒక్క అమరికతో ఎంత అవమానం తప్పుతుందో అంతా ఇంతా కాదు. ప్రతి పిల్లకూ పిల్లాడికీ తాళం పడే సొంత అర ఉండాలి, కనీసం 600 మి.మీ. వెడల్పు. మరుగుదొడ్డికి లోపల గడియ, అత్యవసరంలో బయటినుంచి నాణెంతో తిప్పి తీయగలిగేది.

పెద్దవాళ్లు పిల్లలతో ఒంటరిగా కూర్చునే గదులు, అంటే కార్యాలయం, వైద్యుడి గది, బంధువులు వచ్చి కలిసే గది, వీటి తలుపుల్లో అద్దం ఉండాలి. మాటలు బయటికి వినబడకూడదు, మనుషులు కనబడాలి. ఇది బతిమాలి అడిగే విషయం కాదు, తప్పనిసరి.

కిటికీ గడప 450 మి.మీ. ఎత్తులో పెడితే ఐదేళ్ల పిల్ల కూర్చుని బయటికి చూడగలదు. అక్కడ ఊచలు నిలువుగా, మధ్య ఖాళీ 100 మి.మీ. మించకుండా. అడ్డ ఊచలు పెడితే ఎక్కుతారు. చేతులు కడిగే తొట్టి చిన్నవాళ్లకు 500, పెద్దవాళ్లకు 700 మి.మీ. రంగుల డబ్బా మీద సీసం 90 పి.పి.ఎం. లోపు అని రాసి ఉంటేనే కొనండి. ఆస్‌బెస్టాస్ రేకు దగ్గరికి రానివ్వకండి.

చూరునీడ
ఊయల గారూ, ప్లాన్ మళ్లీ గీస్తున్నాను. పైకప్పు మాత్రం తేలలేదు. శ్లాబా, పెంకా? వెదురు దగ్గర్లోనే బాగా దొరుకుతుంది.

వెదురుబొంగు
పడకగదులకు, వసారాకు వెదురు వాసాల మీద పెంకు. వంటింటికి మాత్రం శ్లాబు. వంటింటి మీద వెదురు వద్దండీ, ఎంత శుద్ధి చేసినా అది మండేదే. వంటింటికీ పడకగదులకూ మధ్య గోడ పెంకుల దాకా లేవాలి. మధ్యలో ఆపేసి పైన చాప కప్పితే మంట, పొగ అటునుంచే దాటుతాయి.

వెదురు మూడు నుంచి ఐదేళ్ల వయసుది కొట్టించండి. లేతదానిలో పిండి ఎక్కువ, పురుగు దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. శుద్ధికి 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ యాసిడ్. బొంగు కణుపులన్నీ లోపలినుంచి పొడవాటి 12 మి.మీ. కడ్డీతో పొడిచి తెరవాలి, అప్పుడే ద్రావణం లోపలికి పోతుంది. వారం నుంచి పది రోజులు మునిగి ఉండాలి, తేలకుండా రాళ్లు పెట్టండి. తీశాక నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పడేస్తే నిట్టనిలువునా చీలుతుంది. ఈ మందు వానకు కరిగిపోతుంది కనుక వెదురు ఎక్కడా తడవకూడదు. చూరు 900 మి.మీ. ముందుకు రావాలి, వసారా స్తంభాలు 300 మి.మీ. రాతి దిమ్మె మీద నిలబడాలి.

థాయ్‌లాండ్‌లో బర్మా సరిహద్దు దగ్గర నో బో అనే ఊళ్లో నార్వే వాస్తుశిల్పుల జట్టు టి.వై.ఐ.ఎన్. 2009లో పూర్తి చేసిన పిల్లల ఇళ్లు చూడండి. 24 మందికి ఆరు చిన్న పడక ఇళ్లు, వెదురు అల్లిక గోడలు, గాలి ఆడేలా, వాన నీళ్లు ఒకచోటికి చేరేలా వంచిన కప్పులు. చెమ్మ తగలకుండా ఇళ్లను నేలనుంచి లేపారు, పునాది దిమ్మెలను పాత టైర్లలో పోశారు. తక్కువ డబ్బుతో ఎంత జాగ్రత్తగా ఆలోచించవచ్చో అక్కడ కనిపిస్తుంది.

పెంకు కింద వెదురు చాప కట్టండి. వేడి తగ్గడానికే కాదు. ఎనిమిది మంది పిల్లలు, నున్నటి గచ్చు, గట్టి గోడలు, పైన శ్లాబు ఉంటే గదంతా ప్రతిధ్వనే. రోజంతా ఆ హోరులో ఉంటే పిల్లలు అరిచి మాట్లాడతారు, సంరక్షకురాలు ఇంకా గట్టిగా అరుస్తుంది. చాప, మట్టి పూత, పుస్తకాల అరలు ఆ శబ్దాన్ని మింగేస్తాయి.

మట్టిపిడికెడు
ఆ చివరి మాటకు పూర్తి మద్దతు. లోపలి గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు, మట్టి పూత మీద సున్నం వెల్ల చాలు. మట్టి గోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి పూత డొల్లుగా ఊడుతుంది, ఊడేటప్పుడు గోడ పొరను కూడా లాక్కుపోతుంది. స్నానాల గదుల్లో మాత్రం 1.5 మీటర్ల ఎత్తు దాకా ఇటుక గోడ, పలకలు.

వానచుక్క
నీళ్ల లెక్క చెప్తాను. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. చూరుతో కలిపి ఇంటి కప్పు 150 చ.మీ. అనుకోండి. 800 మి.మీ. వానలో పెంకు మీద 85 శాతం చేతికొస్తుంది, అంటే ఇంటికి ఏడాదికి 1,02,000 లీటర్లు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 15 లీటర్లు, ఇంట్లో ఉజ్జాయింపుగా పదిమంది, వాన లేని 240 రోజులకు 36,000 లీటర్లు. ఇది ఒకే ట్యాంకుగా కట్టకండి, 18,000 లీటర్లవి రెండు కట్టండి. ఒకటి కడుగుతుంటే రెండోది వాడుకోవచ్చు, ఒకదానిలో నీళ్లు పాడైనా రెండోది ఉంటుంది. వెలుతురు చొరకూడదు, మూత బిగుతుగా ఉండాలి, పొర్లు పైపు లోపలికొచ్చే పైపు అంత లావుండాలి, దాని మూతికి దోమల జాలీ. మూతకు తాళం. పిల్లలున్న చోట ఇది మొదటి జాగ్రత్త.

మొదటి వాన నీళ్లు బయటికి పోవాలి. కప్పు మీద 1 మి.మీ. చొప్పున 150 లీటర్లు వదలాలి. 160 మి.మీ. పైపు నిలబెట్టి సరిపోతుందనుకుంటారు, కానీ అది మీటరుకు 20 లీటర్లే పడుతుంది. 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. అడుగున 3 మి.మీ. రంధ్రం ఉంటే ఆరు గంటల్లో దానంతటదే ఖాళీ అవుతుంది. కుళాయి పెడితే తిప్పడం ఎవరికీ గుర్తుండదు, రెండో వానకు ఆ మురికే ట్యాంకులోకి పోతుంది. రంధ్రం ముందు జాలీ పెట్టి వానాకాలంలో వారానికోసారి దులపాలి.

వాడిన నీళ్లు మనిషికి 60 చొప్పున ఇంటికి రోజుకు 600 లీటర్లు. వంటింటి నీళ్లు ముందు 120 లీటర్ల జిడ్డు తొట్టిలోకి, తర్వాత స్నానాల నీళ్లతో కలిసి 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల లోతు కంకర మడిలోకి. 10 నుంచి 20 మి.మీ. కంకర, రెండు చివర్లా 40 మి.మీ. పైబడిన రాళ్లు, మెట్టతామర మొక్కలు. నీటిమట్టం కంకర పైభాగానికి 100 మి.మీ. కిందే ఉండాలి. అప్పుడు దోమలు రావు, పిల్లల చేతికి తగలదు. బయటికొచ్చిన నీళ్లు చెట్లకు. కాళ్లు కడిగే కుళాయి నీళ్లను నేరుగా మడిలోకి వదలకండి, ఆ బురదతోనే కంకర పూడుకుపోతుంది. దానికి చిన్న ఇసుక తొట్టి వేరుగా కట్టండి.

మరుగుదొడ్లకు జంట గుంతలు. ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకుండా వదిలేయాలి. గుంత అడుగుకూ భూగర్భజలానికీ మధ్య రెండు మీటర్లుండాలి, బావికి 15 మీటర్ల దూరం. రెండు గుంతలకూ ఒకేసారి నీళ్లు వదిలేస్తుంటారు, అప్పుడు రెండూ ఒకేసారి నిండి, ఎత్తిపోయడానికి పచ్చి మలమే మిగులుతుంది. మళ్లింపు పెట్టెలో ఒక మూతికి ఇటుక పెట్టి మూసి, పైమూత మీద తేదీ చెక్కండి.

రసమట్టం
మడి అడుగుకు మీరు తీసేసిన నల్లరేగడి పనికొస్తుంది చూరునీడ గారూ. 200 మి.మీ. పరిచి దిమ్మిస కొడితే నీళ్లు దిగవు.

వానచుక్క
ఆ రేగడి తడిగా ఉన్నన్నాళ్లే అండీ. సెలవులకు పిల్లలు బంధువుల ఇళ్లకు వెళ్లి ఇల్లు నెల రోజులు ఖాళీగా ఉంటే మడి ఎండి బీటలిస్తుంది, తిరిగొచ్చాక మురుగు నేలలోకి దిగుతుంది. రేగడి పరచండి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు వేయండి, కంకర గుచ్చుకోకుండా షీటు మీద ఇసుక పొర.

చూరునీడ
కొత్త అమరిక ఇలా ఉంది. ఆరు ఇళ్లు రెండు జట్లుగా, ఒక్కో జట్టులో మూడు ఇళ్లు ఒక ముంగిలి చుట్టూ. ఇళ్ల పొడవు తూర్పు పడమరలుగా, పడమటి గోడకు కిటికీలు లేకుండా. రోడ్డువైపు 180 చ.మీ. ఉమ్మడి భవనం: గ్రంథాలయం, పెద్ద గది, మరమ్మతుల షెడ్డు. ప్రహరీ విషయంలో నిధులిచ్చేవాళ్లు తగ్గడం లేదు. జనం లోపలికొస్తే పిల్లలకు ప్రమాదమంటున్నారు.

ఊయల
వాళ్ల భయం న్యాయమైనదే, దానికి జవాబు ప్రహరీ ఎత్తులో దొరకదు. ఎనిమిదడుగుల గోడ వెనక ఏం జరిగినా పొరుగువాళ్లకు కనబడదు. పిల్లలకు ఎక్కువ హాని జరిగేది అలా ఎవరికీ కనబడని చోటే. గ్రంథాలయం, ఆటస్థలం, పెద్ద గది రోడ్డుకు తెరుచుకోనివ్వండి, బయటి పిల్లలు రావాలి, మీ పిల్లలు వాళ్లతో ఆడాలి. వచ్చినవాళ్లకు మరుగుదొడ్లు అక్కడే వేరుగా కట్టండి, ఆ సాకుతో ఎవరూ ఇళ్లవైపు రాకూడదు. ఉమ్మడి స్థలానికీ ముంగిలికీ మధ్య నడుమెత్తు గోడ, ఒకే దారి, ఆ దారి కనీసం రెండు వంటిళ్ల కిటికీల్లోంచి కనబడాలి. పొరుగు ఇళ్లున్న మూడువైపులా 1.2 మీటర్ల గోడ మీద పూలతీగల కంచె సరిపోతుంది.

16 దాటినవాళ్లకు ఉమ్మడి భవనం పక్కన సొంత వంటగట్టుతో రెండు చిన్న గదులు పెట్టండి, వీధిలోకి సొంత తలుపుతో. బయట బతకడం అక్కడే అలవాటవుతుంది.

మట్టిపిడికెడు
చుట్టుపక్కలవాళ్ల చేతులతో కట్టడం అంటే ఊరికే శ్రమదానం అనుకోవద్దని నిధులిచ్చేవాళ్లకు చెప్పండి. దిమ్మెలు తీసే జట్టుకు, వెదురు జట్టుకు పూర్తి కూలి ఇచ్చి నేర్పించాలి, వాళ్లే రేపు మరమ్మతు చేసేవాళ్లు. బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో అన్నా హెరింగర్ బృందం మట్టి, వెదురుతో కట్టిన మెటి పాఠశాలకు 2007లో వాస్తుశిల్పానికిచ్చే ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. అక్కడి పనివాళ్లు స్థానికులే, పని చేస్తూ నేర్చుకున్నవాళ్లు. ఏటా కట్టుబడి ఖర్చులో 2 శాతం మరమ్మతులకని ముందే ఒప్పందంలో రాయించండి. ప్రతి ఇంటికీ 150 దిమ్మెలు, 60 పెంకులు మిగిల్చి షెడ్డులో పెట్టండి.

చూరునీడ
చివరి ప్రశ్న. మొదట ఏ ఇల్లు మొదలుపెట్టాలి? జట్టు కొత్తది.

రసమట్టం
ఏ ఇల్లూ వద్దు, మరమ్మతుల షెడ్డు కట్టండి. మూడు మీటర్ల గోడలు నాలుగు, ఒక తలుపు, ఒక కిటికీ, మూడు పట్టీలు, పెంకు కప్పు. ఇంట్లో వచ్చే ప్రతి పనీ చిన్నగా అందులో ఉంటుంది. గోడలు లేచాక ఒక గోడను కప్పకుండా వదిలి, పది రోజులు పూటకో గంట గొట్టంతో నీళ్లు కొట్టండి. దిమ్మె ముఖం కోసుకుపోతే మట్టి కూర్పు మార్చాలి, అతుకులు మాత్రమే కోసుకుపోతే మాలులో ఇసుక తగ్గించాలి. ఆ ఫలితం చూశాకే ఇళ్లకు దిమ్మెలు తీయడం మొదలుపెట్టండి.